చార్జర్‌ను కొసరు అడిగిన పిన్నమ్మ

ఇది మహాకావ్యం. ఇందులో సముద్రం ఉంది. గొంతు పోగొట్టుకున్న వీరనారి ఉంది. ఆమె రాజ్యం మీద కన్నేసిన శత్రువు ఉన్నాడు, అతనికో వాహనం, ఆ వాహనానికో శంఖం. ఎర్రదీపానికీ పచ్చదీపానికీ మధ్య రెండు వారాలు నడిచిన పోరాటం ఉంది. ఒక వృద్ధుడు మూత తీసి లోపలికి తొంగిచూసి తల అడ్డంగా ఊపే ఘట్టం కూడా ఉంది. చదివేవాళ్ళు గుండె చిక్కబట్టుకోవాలి.

అంత సీన్ లేదు. మా పిన్నమ్మ మైకు బ్యాటరీకి చార్జింగ్ పెట్టిన సంగతి ఇది. సముద్రం ఉన్నమాట నిజమే గానీ, అది మా ఇంటి వెనక తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. దానికీ ఈ గొడవకూ సంబంధం లేదు.

మాది నెల్లూరు తీరంలో ఒక వేటపల్లె. పిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. తెల్లారేసరికి పడవల దగ్గర చేపలు కొని, ఐసుపెట్టెలో సర్ది, మోపెడ్ వెనక తాళ్ళతో బిగించి, కొడవలూరు పక్క వీధుల్లో అమ్మి వస్తుంది. మొదట్లో నెత్తిన గంప, తర్వాత షేర్ ఆటో, ఇప్పుడు మోపెడ్. బండి మారుతూ వచ్చింది గానీ కేక మారలేదు. వీధి మొదట్లో నిలబడి “వంజరం, కవళ్ళు, రొయ్యలోయ్” అని ఒక్కసారి అందంటే, వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చునేది. ఆ కేక వినబట్టే ఆడవాళ్ళంతా గిన్నెలు పట్టుకుని బయటికి వస్తారని పిన్నమ్మ నమ్మకం. మా ఇంట్లో అందరికీ అదే నమ్మకం. మా ఇంట్లో పిన్నమ్మ నమ్మకాలు కాకుండా వేరే నమ్మకాలు పెట్టుకునే వీలు లేదు.

అలాంటి గొంతు బొంగురుపోయింది. ముందు మిరియాలు, తర్వాత తమలపాకు, ఆ తర్వాత పక్కింటావిడ సలహాలు, అన్నీ అయ్యాక నెల్లూరు తీసుకుపోయాం. డాక్టరమ్మ గొంతులోకి కెమెరా పంపి చూసింది.

“స్వరతంతువుల మీద చిన్న కాయలున్నాయి. నెల రోజులు అరవకూడదు. మెల్లగా మాట్లాడొచ్చు. అరిస్తే మాత్రం ఆపరేషన్ దాకా పోతుంది. ఆ తర్వాత ఈ గొంతు ఇలాగే ఉంటుందని నేను చెప్పలేను.”

“అరవకుండా చేపలెట్ట అమ్మేది డాక్టరమ్మా? ఇంటింటికీ కార్డు రాసేదా?”

“వేరే ఎవరితోనైనా అరిపించుకోండి,” అని డాక్టరమ్మ తర్వాతి పేషంటును పిలిచింది. పిలవడానికి ఆమెకు బెల్లుంది.

ఇంటికొచ్చాక తెలిసింది, పిన్నమ్మ అరుస్తున్నప్పుడే మేం సుఖంగా ఉన్నామని. మెల్లగా మాట్లాడే పిన్నమ్మ చాలా ప్రమాదకరం. “పప్పులో ఉప్పెవురేసింది?” అని ఆమె చిన్నగా అడిగితే బాబాయ్ తినడం ఆపి లేచి నిలబడ్డాడు.

ఆమెకు నిజంగా దిగులు పట్టింది మాత్రం ఇంకో చోట. కొత్తగా పాతికేళ్ళవాడొకడు మోటార్‌సైకిల్ మీద మైకు కట్టుకుని అవే వీధులకు రావడం మొదలుపెట్టాడు. అతని మైకులో గంభీరమైన గొంతు, వెనక తబలా, “స్వచ్ఛమైన... తాజా... సముద్రపు చేపలు” అని. మధ్యలో ఆ విరామాలకే సగం వీధి దాటిపోయేవాడు. మనిషి మర్యాదస్తుడు. ఎదురుపడితే “బాగుండావా అక్కా” అని పలకరించేవాడు. పిన్నమ్మకు ఆ మర్యాదే కడుపులో మంట. నెల రోజులు తన కేక వినబడకపోతే వీధులన్నీ ఆ తబలా వైపు తిరిగిపోతాయని ఆమె భయం. మళ్ళీ అరిస్తే గొంతే పోతుందని మా భయం.

అందుకని నేనొక ఏర్పాటు చేశాను. చిన్న మైకు, పెన్‌డ్రైవ్ పెట్టుకునే ఆంప్లిఫయర్, బాబాయ్ ఎవరి దగ్గరో తెచ్చిన పాత ఆటో బ్యాటరీ. కేక కావాలి కదా. ఒకప్పుడు పిన్నమ్మను ఏడిపించడానికి ఆమె కేకను ఫోన్లో రికార్డు చేసి రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాను. దాన్నే ఎక్కించాను. చివర్లో ఒక చిన్న ఇబ్బంది ఉంది. నేను రికార్డు చేస్తున్నానని అప్పట్లో ఆమె కనిపెట్టింది. అది కత్తిరించడానికి ప్రయత్నిస్తే “రొయ్యలోయ్” కూడా పోయింది. అందుకని అలాగే ఉంచాను. మర్నాటి నుంచి కొడవలూరు పక్క వీధులన్నీ విన్నది ఇది:

“వంజరం, కవళ్ళు, రొయ్యలోయ్... రేయ్, ఆ ఫోను తీస్తావా, చెప్పు తీయమంటావా?”

మొదటిరోజు ఒకాయన అరుగు మీద ఫోన్ చూసుకుంటూ ఉండి, గబుక్కున జేబులో పెట్టేసుకున్నాడట.

బ్యాటరీకి చార్జర్ నేనే ఆన్‌లైన్లో తెప్పించాను. ఆటోమేటిక్ చార్జర్. రెండు క్లిప్పులు, ఎర్రది ప్లస్సుకు, నల్లది మైనస్‌కు. ఎర్రలైటు వెలిగితే ఎక్కుతోందని, పచ్చలైటు వెలిగితే నిండిందని. నిండగానే తనంతట తానే ఆగిపోతుంది. మా ఇంట్లో తనంతట తానుగా ఆగే వస్తువు అదొక్కటే. మొదటిరోజు మధ్యాహ్నం పెడితే దీపాలు పెట్టే వేళకు పచ్చలైటు వచ్చింది. పిన్నమ్మ దాని ముందు పీట వేసుకుని కూర్చుంది.

“అప్పుడే నిండిపోయిందా?”

“నిండింది పిన్నమ్మా.”

“ఎవురు చెప్పినారు?”

“అదే చెప్పింది.”

“అమ్మేవోడే తూకమేసి, అమ్మేవోడే సరిపోయిందంటే, కొనేవోడు ఊరకుంటాడంట్రా?”

“అది తెలివైన చార్జర్ పిన్నమ్మా. ఎక్కడ ఆపాలో దానికి తెలుసు.”

“తెలివైనోడే తూకంలో కొట్టేది. తెలివి లేనోడికి అంత పనితనం యాడొస్తాది?”

సమాధానం లేనప్పుడు జోకు వేయడం నా అలవాటు. “అయితే కొసరడుగు,” అన్నాను.

చేపల బేరంలో కొసరంటే ఏమిటో మా వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. తూకం అయిపోతుంది, చేప గిన్నెలో పడుతుంది, కానీ గిన్నె మాత్రం వెనక్కి పోదు. ఆ ఇల్లాలు అలా పట్టుకునే నిలబడుతుంది. పిన్నమ్మ గొణుగుతుంది. ఆమె నవ్వుతుంది. చివరికి గుప్పెడు నెత్తళ్ళు, వేలెడేసి చిన్న చేపలు, గిన్నెలో పడతాయి. అప్పుడే బేరం ముగిసినట్టు. కొసరు అడగని మనిషిని పిన్నమ్మ జీవితంలో చూడలేదు. తనే ఇరవై ఏళ్ళుగా గుప్పెడు గుప్పెడు వేస్తూ, ఎప్పుడో ఒకనాడు తనకూ ఎవరో ఒకరు వేయకపోతారా అని ఎదురుచూస్తున్న మనిషి.

ఆమె లేచి వెళ్ళి స్విచ్ ఆపి, మళ్ళీ వేసింది. పచ్చలైటు ఆరిపోయింది. ఎర్రలైటు వెలిగింది.

“చూసినావా,” అంది మెల్లగా. “దాపెట్టుకోనుండాడు దొంగనాయాలు.”

కాసేపటికి మళ్ళీ పచ్చలైటు. మళ్ళీ ఆపి వేసింది. మళ్ళీ ఎర్రలైటు. ఆరోజు మూడు కొసర్లు వసూలు చేసింది. తర్వాత అది పద్ధతి అయిపోయింది. పచ్చలైటు రాగానే ఒకసారి, చేపల పెట్టె కడిగాక ఒకసారి, స్నానం చేసొచ్చి ఒకసారి, సీరియల్ మొదలవబోతుండగా ఒకసారి, అందులో ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కసారి. బ్యాటరీ వేడెక్కేది. లోపల్నుంచి చిటపట చప్పుడు వచ్చేది. పిన్నమ్మ చెవి దగ్గర పెట్టుకుని వినేది.

“అన్నం ఉడికినట్టు ఉడుకుతుండాది రా అబ్బోడా. ఇప్పుడెక్కుతుండాది అసలు చార్జి.”

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. ఈ వాక్యం ఇక్కడ రాయడం నాకే ఇబ్బందిగా ఉంది. అది అన్నం ఉడకడం కాదని నాకు తెలుసు. పూర్తిగా తెలుసని చెప్పను, సప్లిమెంటరీలో పాసైనంత తెలుసు. కానీ నేను వేసిన జోకును ఇంతమంది సీరియస్‌గా తీసుకోవడం అదే మొదటిసారి. బాబాయ్ కూడా దారిన పోతూ ఒక కొసరు అడిగి పోతున్నాడు. దాన్ని ఆపడానికి మనసు రాలేదు.

రెండు వారాలు గడిచాయి. ఒక శుక్రవారం వీధి మధ్యలో మైకు “వంజ... వంజ... వంజ...” అని ఆగిపోయింది. మళ్ళీ మొదలై మళ్ళీ ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే తబలా మోగించుకుంటూ వచ్చాడు మర్యాదస్తుడు.

“ఏందక్కా, నీ మైకుకు ఎక్కిళ్ళొచ్చినాయే. కాసిని నీళ్ళు తాపించకూడదా?”

తిరిగి ఏదైనా అనాలంటే పిన్నమ్మ అరవాలి. అరవకూడదు. ఆ మాట మింగడానికి ఆమెకు సాయంత్రం దాకా పట్టింది.

ఇంటికొచ్చి బ్యాటరీకి క్లిప్పులు పెడితే ఎర్రలైటు లేదు, పచ్చలైటు లేదు. క్లిప్పులు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టినా లేదు. ఎదురుగా ఉన్నదాన్ని చార్జర్ బ్యాటరీ కింద లెక్కలోకే తీసుకోలేదు. పిన్నమ్మ నిమ్మకాయ తెచ్చి దిష్టి తీసింది. చార్జర్‌కు ఒకటి, బ్యాటరీకి ఒకటి, అనుమానం మీద నాకొకటి. మూడో నిమ్మకాయ సరైన చోటే పడిందని నాకు లోపల తెలుసు.

శనివారం పొద్దున ఫోన్ చేస్తే కావలి షాపువాడు, ఆ సైజు కొత్త బ్యాటరీ సోమవారం గానీ రాదన్నాడు. మధ్యలో ఆదివారం ఉంది. చేపల వ్యాపారానికి వారంలో ఆదివారం ఒక్కటే రోజు, మిగతావన్నీ దానికి కొసరు. పిన్నమ్మ పీట మీద కూర్చుని, “మైకు లేకపోతే పాయ. రేపొక్కరోజు అరుస్తా. ఒక్కరోజుకు ఏంగాదులే,” అంది. చాలా మెల్లగా అంది. నాకు అప్పుడు భయం వేసింది. జోకు వేయబోయి నోరు మూసుకున్నాను.

బిట్రగుంటలో పాత రైల్వే కాలనీ వెనక ఒక పెద్దాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. ఉద్యోగమంతా రైలు పెట్టెల కింద దీపాల బ్యాటరీలు చూసి రిటైరయ్యాడట. బ్యాటరీని గోనెసంచిలో చుట్టి ఇద్దరం నా బండి మీద పోయాం. ఆయన వరండాలో కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాడు. పప్పు చాట పక్కన పెట్టి, బ్యాటరీ మూతలు ఆరూ విప్పి, ఒక్కొక్క దాంట్లోకి టార్చి వేసి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

“ఇది బ్యాటరీనా, వడియాల డబ్బానా?”

“ఏమైంది సార్?” అన్నాను.

“ఏమైందా? లోపల నీళ్ళుంటే గదా అయ్యేదానికి. పలకలు బయట పడినాయి. చార్జర్ ఏది?”

చూపించాం. తిప్పి తిప్పి చూశాడు.

“ఇది ఆటోమేటిక్ గదా. నిండితే ఆగిపోతాది. ఇట్ట ఎండేదానికి లేదే. ఏం చేసినారు?”

“కొసరడిగినామన్నా,” అంది పిన్నమ్మ.

పెద్దాయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఏం అడిగినారు?”

పిన్నమ్మ వివరంగా చెప్పింది. పచ్చలైటు సంగతి, స్విచ్ ఆపి వేసే సంగతి, ప్రకటనల సంగతి. దాచలేదు. ఆమె దృష్టిలో దాచాల్సిందేమీ లేదు, ఎదుటివాడి పిసినారితనమే తప్ప. చివర్లో, “మా అబ్బోడే చెప్పినాడు. కరెంటు చదువు చదివినాడులే,” అని గర్వంగా నన్ను చూపించింది.

ఆయన నన్ను చూశాడు. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను. మంచి క్యాలెండర్.

“అమ్మా, నువ్వు ఆపి వేసిన ప్రతిసారీ అది మళ్ళా మొదట్నించీ లెక్క మొదలుబెడతాది. ఖాళీ బ్యాటరీ అనుకోని గట్టిగా తోస్తాది. నిండిన దాంట్లోకి తోస్తే యాడికి బోతాది? లోపలుండే నీళ్ళు గ్యాసై ఎగిరిపోతాయి. నువ్వు కొసరనుకున్నావే, అది చార్జర్ ఇచ్చింది గాదు, నీ బ్యాటరీలోంచి నువ్వు తీసింది.”

“అంటే నా గంపలో చేపే నాకు కొసరేసినాడా?” అంది పిన్నమ్మ.

“ఆ. అదే.”

“మరి లైటెందుకు ఎర్రగా వెలిగింది, దొంగనాయాలు!”

పెద్దాయన డిస్టిల్డ్ వాటర్ తెచ్చి పలకలు మునిగేంత వరకే పోశాడు. ఆ చార్జర్ మరీ చచ్చిన బ్యాటరీని గుర్తుపట్టదట, కాస్తయినా ప్రాణం కనబడాలట. తన ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి, ప్లస్సుకు ప్లస్సు, మైనస్‌కు మైనస్ జాగ్రత్తగా కలిపి, అప్పుడు చార్జర్ వేశాడు. ఎర్రలైటు వచ్చింది. కొన్ని నిమిషాలయ్యాక ఇన్వర్టర్ వైర్లు తీసేశాడు. ఎర్రలైటు నిలబడింది. మాకు దేవుడు కనిపించినట్టయింది. ఆయనకు పప్పు గుర్తొచ్చింది, చాట దగ్గరికి పోయాడు.

“ఇంటికాడ పెట్టి రేపు పొద్దున దాకా ముట్టుకోబాకండి. పచ్చలైటు వచ్చినా సరే. ఇది మునుపటి మాదిరి పనిచేయదు, చెప్తుండా. పలకలు పాడైనాయి. ఎంతసేపు మోస్తాదో దాని ఇష్టం.”

ఆ రాత్రి పచ్చలైటు ఎనిమిదింటికి వచ్చింది. పిన్నమ్మ స్విచ్‌బోర్డు వైపు ఒకసారి చూసింది. నేను దాని కింద చాప వేసుకుని పడుకున్నాను. బాబాయ్ అటుగా రెండుసార్లు నడిచి, నన్ను చూసి, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆమె మోపెడ్ మీద, నేను వెనక నా బండి మీద. మొదటి వీధిలో మైకు అద్భుతంగా పలికింది, నా చెప్పు సంగతితో సహా. రెండో వీధిలోనూ పలికింది. మూడోది ఆమె పెద్ద వీధి. సగం చేప అక్కడే ఖర్చవుతుంది. అక్కడికి రాగానే “వంజ” అంది. అంతే. ఇంకో వంజ కూడా రాలేదు.

పిన్నమ్మ మోపెడ్ స్టాండు వేసింది. కొంగు నడుముకు చుట్టింది. ఛాతీ నిండా గాలి పీల్చింది. నెల నిండటానికి ఇంకా రెండు వారాలున్నాయి. ఆ గాలి బయటికి వస్తే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పింది.

“పిన్నమ్మా, వద్దు!” అన్నాను. ఆమె ఆగలేదు. ఇక ఆలోచించే టైము లేక నేనే అరిచాను.

“వంజరం! కవళ్ళు! రొయ్యలోయ్!”

నా గొంతు నేనే గుర్తుపట్టలేదు. మొదటి మాట మగ గొంతుతో మొదలై, రొయ్యల దగ్గరికి వచ్చేసరికి దూడ గొంతైంది. పిన్నమ్మ పీల్చిన గాలి నవ్వై పోయింది, దగ్గై పోయింది, కేక మాత్రం కాలేదు. నేను సిగ్గు విడిచి మళ్ళీ అరిచాను. అలవాటు కొద్దీ చెప్పు సంగతి కూడా చివర్లో కలిపాను.

వచ్చారు. నిజంగా వచ్చారు. ఒక్కొక్కరే, గిన్నెలు పట్టుకుని, వీధి వీధంతా. పిన్నమ్మ తూకం వేస్తోంది, నేను పక్కన నిలబడి అరుస్తున్నాను, వంజరం తలకాయతో సహా అయిపోయింది, రొయ్యలు అయిపోయాయి, కవళ్ళలో అడుగు కనిపిస్తోంది. నాలో ఏదో పొంగింది. ఒక మనిషి గొంతును ఇంకో మనిషి గొంతు కాపాడింది. వంశం, వారసత్వం, అలాంటి పెద్ద పెద్ద మాటలు తోచాయి. గిన్నె పట్టుకుని కొసరు కోసం నిలబడ్డ ఒకామెను అడిగాను.

“ఏం అక్కా, నా కేక ఎట్టుంది? మా పిన్నమ్మ మాదిరే ఉందా?”

“నువ్వు అరిచినావా అబ్బయా? నీళ్ళ మోటార్ల మోతలో ఏం వినపడలా.”

“మరి ఎట్ట వచ్చినారు అందరూ?”

“మేం వచ్చేదేంది, ఇక్కడే ఉండాం గదా. కుళాయి కాడ. మీ పిన్నమ్మ రోజూ ఈ టైముకే వస్తాది. ఆ తబలా అతను తొమ్మిదింటికి వస్తాడు, అప్పటికి తలుపులేసుకోని లోపలికి పోయుంటాం. పాపం ఎంత మోగించినా ఎవురొస్తారు?”

పిన్నమ్మ ఆమె గిన్నెలో గుప్పెడు నెత్తళ్ళు వేసింది.

ఆ వీధికి కుళాయి నీళ్ళు పొద్దున ఏడున్నరకు వస్తాయి. ఎనిమిదిన్నరకు ఆగిపోతాయి.